నాలుగు మైక్రాన్లు

నేను కోసేవాణ్ణి. ఆమె చూసేది.
ముప్పై ఒక్క ఏళ్లు మా మధ్య నడిచిన మాటల్లో
సగం ఇంతే:
"ఇంకొంచెం పల్చగా, దారియో."

నాలుగు మైక్రాన్లు.
ఉల్లిపొర దాని పక్కన దుప్పటి.
మైనపు దిమ్మలో ఒక మనిషి ఊపిరితిత్తి పైపొర,
చిటికెన వేలి గోరంత.
బ్లేడు కింద రిబ్బనులా సాగి
గోరువెచ్చని నీళ్ల మీద పడగానే
తన ముడతలు తనే విప్పుకుంటుంది.
అప్పుడు నేను ఊపిరి బిగబట్టాలి.
గట్టిగా నిట్టూరిస్తే ఒక మనిషి ఎగిరిపోతాడు.

ఇది త్రియెస్తె. బోరా గాలి లేచిన రోజున
నిటారు వీధుల్లో పట్టుకు నడవడానికి తాళ్లు కట్టే ఊరు.
పక్కనే మోన్‌ఫాల్కోనెలో ఓడలు కడతారు.
ఓడ గొట్టాలకి తెల్లటి ఆస్‌బెస్టాస్ చుట్టినవాళ్లు
నలభై ఏళ్లాగి
ఒక్కొక్కరే నా దిమ్మల్లోకి వచ్చారు.
వాళ్ల బట్టలు దులిపి ఉతికిన భార్యలూ వచ్చారు.

పరిశోధన కాగితాల్లో పేర్లు ఉండకూడదు.
డాక్టర్ నెరీనా స్కెర్క్ నోట్లో ఉండేవి.

నీలం రంగు కణాల గుండె.
గోధుమ రంగు మేం వెతికేది.
ఎంత పట్టింది? లేతగానా, ముదురుగానా?
సున్నా నుంచి మూడు దాకా పెన్సిలు మార్కులు,
పదమూడు నోటుబుక్కులు.

కానీ ఆమెకి కావలసింది వేరే.
కోయకుండానే తెలియాలి.
ఒక్క రక్తపు చుక్కలో ఏదో ఒక ప్రొటీను,
జబ్బు నోరు తెరవకముందే
దాని మీద చాడీ చెప్పాలి.
తొంభై ఎనిమిదిలో అలాంటి చాడీకోరు దొరికింది.
రోగుల్లో ఎక్కువ, తక్కినవాళ్లలో తక్కువ.
గ్రాఫు మీద గీత ఎంత నున్నగా లేచిందంటే
ఆ సాయంత్రం ఆమె నాకు కాఫీ కొనిపెట్టింది,
చక్కెర కూడా తనే కలిపింది.

పదకొండేళ్లు.
సభలు, గ్రాంట్లు, పేపర్లో ఒక ఫొటో,
ఎడమ అంచున నా మోచేయి.
అప్పుడు మరో ఓడల ఊరు గ్డాన్స్క్ నుంచి
యాద్విగా అనే కుర్ర పరిశోధకురాలు
మర్యాదగా ఉత్తరం రాసింది:
మీ రోగుల గొట్టాలు ఫ్రీజర్లో ఎన్నేళ్లున్నాయి?
తక్కినవాళ్లవి ఎన్నేళ్లు?

ఆ రాత్రి రిజిస్టర్లన్నీ నేల మీద పరిచాం.
రోగులవి ఆరేళ్లు.
తక్కినవి ఆరు నెలలు.

మా ప్రొటీను జబ్బుని పట్టలేదు.
చలిని పట్టింది.
ఎంతకాలం గడ్డకట్టి ఉందో అంతా
పొల్లు పోకుండా చెప్పింది పాపం.
మేమే దాన్ని వేరే ప్రశ్నకి జవాబనుకున్నాం.

ఆమె ఏడవలేదు.
మళ్లీ కొలిచింది. అదే వచ్చింది.
తప్పు ఒప్పుకుంటూ రాసిన వ్యాసం నాలుగు పేజీలు.
మొదటిదానికంటే అదే బాగుంటుంది.
ఈసారి ఎవరూ ఫొటో తీయలేదు.

ఒక శనివారం రొట్టెల కొట్లో
ఓండీనా అనే ముసలావిడ నా మోచేయి పట్టుకుంది.
"మా ఆయన ముక్క ఇంకా మీ దగ్గరే ఉందా?"
ఉందన్నాను.
"చలిలోనా?"
"కాదమ్మా. మైనంలో. కింది అరలో."
ఆవిడ చిల్లర లెక్కపెట్టుకుంటూ ఆలోచించి
"నయం. ఆయనకి చలి పడదు" అంది.

సోమవారం ఈ మాట నెరీనాకి చెప్పాను.
అప్పుడు ఏడ్చింది.

పోయిన మార్చిలో ఆమె రిటైరైంది.
ఆ కుర్చీలోకి యాద్విగా వచ్చింది.
ఆ దిమ్మలే కావాలంది, ఆ పెన్సిలు మార్కులే.
కొత్త గొట్టం ఏదొచ్చినా
ముందు దాని మీద తేదీ రాస్తుంది, తర్వాతే నాకు నమస్కారం.
ఆమె వెతికేది దొరుకుతుందో లేదో నాకు తెలీదు.
నేను కోసేవాణ్ణి.

గురువారాలు నెరీనా వస్తుంది,
కోటు విప్పకుండా నా వెనక నిలబడుతుంది.
ఈమధ్య నా చెయ్యి కాస్త వణుకుతోంది.
నాలుగనుకుంటే ఐదొస్తుంది.
ఆమెకి కనిపిస్తుంది. ఏమీ అనదు.

నేనే ఇంకోటి కోస్తాను.